మందు పెట్టిన చేయి

గురువారం పొద్దున పదకొండు దాటి పది నిమిషాలకు, ఉప్పల్‌లోని ఒక ప్రైవేటు దవాఖానా రెండో అంతస్తు వరండాలో, మా చెల్లె నొప్పిని మా చెల్లెకే తిరిగి ఇచ్చేశారు. తెలంగాణ రావడానికి రెండు ఎండాకాలాల ముందటి మాట. అందరూ చెప్పులు వేసుకుని నిలబడే మాట్లాడారు. కూర్చుని తేల్చేంత పెద్ద సంగతిలా ఎవరికీ అనిపించలేదు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, నాచారంలో సాయంత్రం బడిలో. పలక మీద అ, ఆలు దిద్దుతుంటే మా గల్లీ ఆడవాళ్లు కిటికీలోంచి చూసి నవ్వేవాళ్లు. మాటను తిప్పి తిప్పి రాయడం నాకు ఆ బడిలో నేర్పలేదు. మా చెల్లె ఇంట్లోవాళ్లు ఇది చదివితే బాధపడతారేమో. పడనీ.

మా చెల్లె నాకంటే చాలా చిన్నది. చిల్కానగర్‌లో ఒక రెండంతస్తుల మేడ పైన రెండు రేకుల గదుల్లో కిరాయికి ఉండేవాళ్లు. అది, దాని మొగుడు, దాని అత్త. పిల్లలు లేరు. నల్లా నీళ్లు వస్తే వచ్చినట్టు, రాని రోజు ట్యాంకర్. ట్యాంకర్ కింద గల్లీలో నిలబడితే పైదాకా మోసేది మా చెల్లె. ఒకరోజు తడి మెట్టు మీద కాలు జారింది. చంకలో నిండు బిందె. బిందెతో సహా మెట్ల మలుపు దాకా దొర్లింది. అత్త పైనుంచి తొంగి చూసి అడిగిన మొదటి మాట ఇది:

"బిందె సొట్టవోయిందా?"

బిందె బాగానే ఉంది. నడుం విరిగింది. ఆపరేషన్ చేసి లోపల కడ్డీలు, మరలు బిగించారు. ఎముక అతికిందన్నారు. నొప్పి మాత్రం పోలేదు. నడుం నుంచి ఎడమ మడమ దాకా కాల్చిన తీగ లాగినట్టు ఉంటుందని చెప్పేది. వెల్లకిలా పడుకోలేదు, పక్కకు తిరగలేదు. గోడకు దిండు పెట్టి కూర్చునే నిద్రపోయేది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు వాలి, నొప్పి తగిలి అరిచి లేచేది. ఏళ్ల తరబడి అదే.

దాని మొగుడు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. తాగడు, కొట్టడు. పెళ్లాం మూలిగితే టీవీ సౌండ్ పెంచేవాడు. ఇంకా మూలిగితే ఇంకా పెంచేవాడు. నేను పోయినప్పుడు ఆ ఇంట్లో వార్తలు చదివేవాడు అరుస్తూ ఉండేవాడు, మా చెల్లె గోడకు ఆనుకుని పెదవి కొరుక్కుంటూ ఉండేది.

అత్త టీవీ జోలికి పోదు. ఆమెకు నోరు ఉంది.

"కూసోని తింటే నడుం నొయ్యదా మరి? నేను ఐదుగుర్ని గని, తెల్లారి నాటువెయ్య పోయిన. నా నడుముకు కడ్డీలేసిన్రా?"

"అత్తా, అది మెట్ల మీదికెల్లి పడ్డది" అన్నాను ఒకసారి.

"పడ్డది. ఎవలు పడుమన్నరు?"

మాత్రలు చాలా మారాయి. కొన్నింటికి కడుపులో మంట, కొన్నింటికి వాంతులు, ఏ మాత్రకూ నిద్ర లేదు. చివరికి ఆపరేషన్ చేసిన డాక్టరే నొప్పికి మాత్రమే చూసే డాక్టర్ దగ్గరికి పంపాడు. ఈ డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. మా చెల్లెను, నాకు మరిది అయిన దాని మొగుణ్ని, నన్ను ముగ్గురినీ కూర్చోబెట్టి చేతిలో ఒక చిన్న పలచటి బిళ్ల పెట్టింది. అగ్గిపెట్టె మూతంత ఉంది, అవతలి వేలు కనపడేంత పలచన.

"దీన్ని ప్యాచ్ అంటారు. ఇందులో ఉన్నది మార్ఫిన్ జాతి మందు, దానికంటే చాలా గట్టిది. చర్మంలోంచి కొద్దికొద్దిగా రక్తంలోకి పోతుంది. మూడు రోజులకొకటి మార్చాలి. నొప్పి ఉన్నచోట పెట్టక్కర్లేదు, భుజం మీదో ఛాతీ మీదో పెట్టండి. పాతది తీశాకే కొత్తది. కత్తిరించొద్దు. దాని మీద వేడి అసలే తగలనివ్వొద్దు. వేడికి మూడు రోజుల మందు ఒక్కపూటలో లోపలికి పోతుంది. మనిషి మత్తుగా ఉన్నా, ఊపిరి నెమ్మదించినా వెంటనే పీకేసి తీసుకురండి. ఊపిరి ఆగితే నిద్రలోనే పోతారు."

మా మరిది "ఆ మేడం, ఆ మేడం" అంటూ ఫోన్ చూసుకున్నాడు. మా చెల్లె మాత్రం ఒకటే అడిగింది.

"మేడం, దీంతోని వెల్లకిల పండుకోవచ్చా?"

డాక్టర్ ప్యాచ్ అంది. ఆటో చిల్కానగర్ చేరేసరికి అది పట్టీ అయింది. మా మరిది మెట్లెక్కుతూనే తల్లితో చెప్పాడు. "పట్టీ ఇచ్చిన్రు. నువ్వు ముట్టకు, వదినె వచ్చి మారుస్తది." అంతే చెప్పాడు. ఎందుకు ముట్టకూడదో చెప్పలేదు.

మా వాళ్లలో పట్టీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. కిరాణం కొట్లో అమ్మే బొక్కల పట్టీ. నడుం పట్టేస్తే నడుముకు, మెడ పట్టేస్తే మెడకు వేస్తారు. పెద్దదయితే కత్తెరతో సగం చేసి ఇంకొకరికి ఇస్తారు. ఊడిపోకుండా, లోపలికి గుంజాలని పైనుంచి కాపడం పెడతారు. మందు పేరు పట్టీ అయ్యాక పట్టీకి చేసేవన్నీ దానికీ చేయాలనిపిస్తుంది.

"నొప్పి నడుంల. పట్టీ భుజానికా?" అని అత్త ఆ రోజే నవ్వింది. "గా డాక్టరుకు నడుం యాడుంటదో ఎరుకలేదా?"

నాలుగో రోజు నేను మార్చడానికి పోయేసరికి మా చెల్లె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. పైన రేకులు చూస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"అక్కా, నడుం నాది గానట్టున్నది. ఎవలిదో పక్కింటోళ్లది."

ఒళ్లంతా దురద అంది. మలబద్ధకం అంది. అన్నం చూస్తే తిప్పుతోందంది. అవన్నీ నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత రోజుల్లో అది పప్పు వండింది, తలకు పోసుకుంది, ఒకసారి నాతో గల్లీ చివరిదాకా నడిచి పూలు కొనుక్కుంది. మధ్యాహ్నం పూట నిద్రపోయేది. నిద్రలో దాని మొహం పెళ్లి కాకముందటి మొహంలా ఉండేది. అది ఆ నిద్ర కోసమే బతికింది ఆ రోజుల్లో. వేరే ఆశ ఏదీ నాకు చెప్పలేదు. "ఇదొక్కటి వోనియ్యకు అక్కా" అనేది, నేను కొత్త పట్టీ అంటించి అరచేత్తో నొక్కి పట్టుకున్నప్పుడు.

పాత పట్టీలను జిగురు లోపలికి పోయేలా మడిచి పారేయమంది డాక్టర్. మడిచి చెత్త డబ్బాలో వేశాను. ఒకరోజు అత్త దాన్ని ఏరి, విప్పి, తన మోకాలికి అంటించుకుంది. ఆ సాయంత్రం నుంచి ఒకటే వాంతులు. గోడ పట్టుకుని నడిచింది.

"ఎర్రబస్సు ఎక్కినట్టయితాంది నాకు. పొద్దున తిన్న బజ్జీలు పడలే."

నేను ఆమె చీర పైకెత్తి చూస్తే మోకాలి మీద పట్టీ.

"ఇదేంది అత్తా?"

"ఇంక జిగురున్నది గదా. పారేస్తరా ఎవలన్న?"

"అవతల పడ్డ మందును గూడ ఇడవవా? సచ్చిపోతవ్, తెల్సా!"

"పోతే నీ చెల్లెకు మంచిదే గదా" అంది. అప్పటి నుంచి పాతవాటిని నేనే మడిచి నా సంచిలో వేసుకుని తీసుకుపోయేదాన్ని. ముట్టొద్దు అని గట్టిగా చెప్పాను. వేడి సంగతి ఆ ముసలామెకు ఎవరూ చెప్పలేదు. ముట్టొద్దన్నదాని గురించి ఇంకేం చెప్తారు.

మే నెల వచ్చింది. రేకుల గది పెనంలా కాలేది. చెమటకు పట్టీ అంచులు లేచేవి. మంగళవారం పొద్దున మా చెల్లె భుజం మీది పట్టీ సగం ఊడింది. సగం ఊడేసరికి నొప్పి సగం కాదు, మొత్తం వచ్చింది. మరిది డ్యూటీకి పోయాడు. నేను నాచారంలో ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంట చేసేదాన్ని. అది ఫోన్ చేసింది. ఫోన్ సంచిలో ఉంది, నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

పొద్దుటి నుంచి అది ఏడుస్తూనే ఉందట. టీవీ పెంచేవాడు ఇంట్లో లేడు. ముసలామె వింది. ఎంతసేపని వింటుంది. మా చెల్లె ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచి ఆమె దాని ఒంటి మీద చేయి వేసి ఎరగదు. ఆ రోజు వేసింది. కొత్త పట్టీ కవర్ చింపి, నొచ్చే చోట, నడుం మీద, లంగా బొందు కింద అంటించింది. భుజం మీదిది సగం అంటుకునే ఉంది కదా, మంచిదాన్ని పీకడం దండగ అని అలాగే వదిలేసింది. ఊడినచోట మళ్లీ గట్టిగా నొక్కింది. తర్వాత పెనం మీద దొడ్డుప్పు వేయించి, పాత ధోతి గుడ్డలో మూటకట్టి, కోడలిని బోర్లా పడుకోబెట్టి కాపడం మొదలుపెట్టింది. మూట చల్లారితే మళ్లీ వేయించి తెచ్చేది. ఆ ఎండలో, ఆ రేకుల కింద, పొయ్యికీ మంచానికీ మధ్య తిరిగింది డెబ్బై ఏళ్ల మనిషి. ఆ ఇంట్లో మా చెల్లెకు ఎవరైనా ప్రేమగా ఏదైనా చేశారంటే, నాకు తెలిసి అదొక్కటే. చంపబోయింది కూడా అదే.

క్యాంటీన్ అయిపోయి, ఫోన్ చూసుకుని నేను పోయేసరికి మధ్యాహ్నం దాటింది. ముసలామె మంచం పక్కన కూర్చుని ఉంది. చెమటతో ముద్దయింది. నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టింది.

"లేపకు. సూడు, నా కాపడంతోని ఎంత మంచిగ గురక వెడుతుందో. మీ డాక్టరు జేసిందా గిట్ల?"

గురక వినపడింది. నీళ్లు అడుగంటిన బోరు గుటగుటమన్నట్టు ఉంది. తర్వాత ఆగింది. ఎంతసేపటికీ మళ్లీ రాలేదు. నేను దగ్గరికి పోయేలోపు ఇంకొకటి గుటక్కుమంది. పట్టుకుని వెల్లకిలా తిప్పాను. పెదవులు నేరేడు పండు రంగు. కనురెప్ప ఎత్తి చూస్తే లోపలి నల్లగుడ్డు ఆవగింజంత అయింది.

"సచ్చిందిరో" అని అరిచాను. ముసలామె చేతిలోని ఉప్పు మూట కింద పడింది. "పండుకున్నది గదా, పండుకున్నది గదా" అంటూ నా రెక్క పట్టుకుని గుంజింది.

కింద ఇల్లుగలాయన కోస్తా వైపు మనిషి, రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన, నేను కలిసి దించాం. ఆయన కారు తీశాడు. తీసి, లోపలికి పోయి, ప్లాస్టిక్ పట్టా తెచ్చి వెనక సీటు మీద పరచడం మొదలుపెట్టాడు. నాలుగు మూలలూ సర్దుతున్నాడు.

"అయ్యా, అది ఊపిరి తీస్తలేదు!"

"అదేనమ్మా, ఒక్క నిమిషం. సీటు కవర్లు మొన్ననే వేయించాం."

దారి పొడుగునా దాని చెంపల మీద కొట్టుకుంటూ, "ఊపిరి తియ్యి, ఏయ్, తియ్యి" అని అరుస్తూ పోయాను. అరిచినప్పుడల్లా ఒకటి తీసేది. అరవకపోతే తీసేది కాదు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ దాన్ని చూసి, మమ్మల్ని చూసి ఒకే ప్రశ్న అడిగాడు. పెళ్లయిన ఆడమనిషిని పెదవులు నల్లబడి తెస్తే అక్కడ అందరూ అడిగే ప్రశ్నే.

"ఏం తాగింది?"

"చాయ్ తాగింది సారూ" అంది ముసలామె.

"చాయ్ కాదమ్మా! పురుగుల మందా, నిద్రమాత్రలా?"

"పట్టీ సారూ" అన్నాను నేను.

"ఏం పట్టీ?"

అప్పుడు నాకు ఆ మాట గుర్తొచ్చింది. "ప్యాచ్. నొప్పి ప్యాచ్. భుజం మీదున్నది."

ఆయన దాని జాకెట్టు చింపి భుజం మీదిది పీకేశాడు. ముక్కుకు, నోటికి రబ్బరు బుడ్డ పెట్టి ఊపిరి కొట్టించడం మొదలుపెట్టారు. "ఇంకేమైనా ఉందా ఒంటి మీద?" అని అరిచాడు. నాకు తెలియదు. ఇంట్లో మంచం మీద చింపిన కవర్ చూశాను, అంతే. ముసలామె వైపు తిరిగాను.

"అత్తా, కొత్తది యాడ వెట్టినవ్?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. డాక్టర్ చూస్తున్నాడు, నర్సులు చూస్తున్నారు, అవతలి మంచాల దగ్గరి వాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. నేను వేలు పెట్టి చూపించాను.

"ఈమెనే వెట్టింది సారూ! అడుగున్రి! చెప్పకుంటే అది సస్తది!"

"నొచ్చేకాడ" అంది ముసలామె సన్నగా. "బొందు కింద."

అక్కడ దొరికింది రెండోది. కాపడానికి చర్మం కమిలి ఎర్రగా ఉంది, దాని మధ్యలో పట్టీ. డాక్టర్ పీకేసి, తడి గుడ్డతో తుడిపించి, సూది వేశాడు.

సూదికి అది లేచిన తీరు నేను మరిచిపోలేను. చచ్చినదాన్ని బతికించే సూది అది, కానీ ఒంట్లో ఉన్న నొప్పి మందును మొత్తం ఒక్కసారే ఊడ్చేస్తుందని తర్వాత చెప్పారు. కళ్లు తెరిచి, ఊపిరి పీల్చి, ఆ పీల్చిన ఊపిరితోనే అరిచింది. మెట్ల మీది నుంచి పడ్డ రోజు కూడా అలా అరవలేదు. నా చీర మీద కక్కింది. నా మొహం చూసి, నన్ను గుర్తుపట్టి, తిట్టింది.

"ఎందుకు లేపినవే? నీ బిడ్డ సావ, ఎందుకు లేపినవే నన్ను?"

నాకు బిడ్డ లేదని దానికి తెలుసు. నోటికి వచ్చింది అంది.

కేసు రాయాలని దవాఖానావాళ్లే పోలీసులకు చెప్పారు. ఒక కానిస్టేబుల్ వచ్చాడు. వచ్చినవాడు నేరుగా ముసలామె ముందు నిలబడి అందరికీ వినపడేట్టు అడిగాడు.

"ఏమ్మా, కోడలికి మందు వెట్టినవా?"

మా వైపు మందు పెట్టడమంటే ఏమిటో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అన్నంలో విషం కలిపినా మందు పెట్టిందనే అంటారు, చేతబడి చేయించినా అదే అంటారు. ముసలామెకూ తెలుసు. కానీ ఆమె మనసులో ఉన్నది పట్టీ. పట్టీ మందే కదా. పెట్టింది తానే కదా. అడిగితే అబద్ధం చెప్పకూడదనుకుంది.

"వెట్టిన సారూ" అంది. "నేనే వెట్టిన. నొస్తుందని వెట్టిన."

చేతికి కట్టు కట్టించుకుంటున్న ఒకాయన "తల్లీ" అన్నాడు. కానిస్టేబుల్ ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి చీకటి పడేదాకా కదలనివ్వలేదు. మా మరిది వచ్చి, డాక్టర్ వచ్చి, పట్టీలు చూపించి చెప్పాక వదిలాడు. వదిలినా ఆ మాట ఆమెకంటే ముందే చిల్కానగర్ చేరింది. మర్నాడు నల్లా దగ్గర ఆడవాళ్లు అనుకున్నారట, ముసలిది కోడలికి మందు పెట్టిందట, తానే ఒప్పుకుందట అని. ఇంటికి పాలు పోసే ఆమె గిన్నె గడప బయటే పెట్టి పోయిందట.

పట్టీ పీకినా చర్మం కింద మందు మిగిలి ఉంటుందట, సూది ప్రభావం తగ్గాక మళ్లీ ఊపిరి ఆగొచ్చట. అందుకని రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ రెండు రోజులూ అది అరుస్తూనే ఉంది. పక్క మంచం వాళ్లు వేరే గది అడిగారు.

గురువారం నొప్పి డాక్టర్ వచ్చింది. మమ్మల్ని వరండాలోకి పిలిచింది.

"మందు తప్పు కాదు. పెట్టిన తీరు తప్పు. తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఆమెకు అదొక్కటే పనిచేసింది. కానీ ఒక్కరి చేయి కావాలి నాకు. పెట్టేదీ, తీసేదీ, రోజూ ఊపిరి చూసేదీ ఒక్కరే అయి ఉండాలి. ఆ ఒక్కరు ఎవరో చెప్తే రాసిస్తాను. లేకపోతే మాత్రల మీదే ఉంచాలి. మాత్రలు ఆమెకు పెద్దగా పనిచేయవని మీకూ తెలుసు."

"నేను" అన్నాను. "నాచారం తీస్కపోత. నా తాన ఉంటది. క్యాంటీన్ పని బంద్ వెడుత."

మా మరిది నా వైపు చూడకుండా డాక్టర్‌తో అన్నాడు. "పెండ్లాంను అక్కింట్ల వారేసిండని అంటరు మేడం. ఇప్పటికే మా అమ్మ ముచ్చట ఇండస్ట్రియల్ ఏరియా దాక వోయింది. షాప్ ఫ్లోర్ల అందరు అడుగుతున్నరు. నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

"నీ మొఖం సంగతి ఎవలడిగిన్రు? దాని నడుం సంగతి మాట్లాడుతున్నరు."

"వదినె, నువ్వు నడుమ రాకు."

"సరే, చిల్కానగరే వస్త. రోజూ పొద్దున వచ్చి సూసి, డ్యూటీకి వోత."

అప్పుడు ముసలామె మాట్లాడింది. రెండు రోజులుగా ఆమె నోటి నుంచి మాట వినలేదు నేను. "నా గడప తొక్కద్దు" అంది. "నలుగుర్ల వేలు వెట్టి సూపిచ్చినవ్ నన్ను. దొంగను జూపిచ్చినట్టు. నా ఇంట్లకు రాకు."

"సూపియ్యకుంటే రెండో పట్టీ దొరక్కపోతుండె. అది సచ్చిపోతుండె. మల్ల గట్లయితే మల్ల సూపిస్త."

నేను ఈ రోజుకూ అదే అంటాను. అడిగినప్పుడు చెప్పాలి. కానీ ఆ వరండాలో ఆ మాట అన్న తర్వాత ముసలామె మొహం మూసుకుపోయింది. చిల్కానగర్ దారి కూడా దాంతోనే మూసుకుపోయింది.

"మీరే చూసుకోవచ్చు కదా?" అంది డాక్టర్ మరిదితో.

"నాకు షిఫ్టులు మేడం. నాకు గియ్యన్ని రావు."

ఇల్లుగలాయన అరటిపళ్లు తెచ్చి అక్కడే నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, "పోలీసులూ అవీ ఇంటి మీదికి రాకుండా చూడండి. మా కారు నంబరు ఎక్కడా రాయించలేదు కదా?" అన్నాడు.

అప్పుడు గదిలోంచి మా చెల్లె గొంతు వచ్చింది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు.

"అత్తను వెట్టుమనున్రి."

డాక్టర్ తలుపు తెరిచింది. అది పక్కకు ఒరిగి, మంచం కడ్డీ పట్టుకుని ఉంది. "అత్తనే వెడుతది మేడం. నేర్పున్రి, నేర్చుకుంటది. మొన్న చేయి వెట్టింది నడుం మీద. అంతే యాదికున్నది నాకు. మల్ల వెట్టుమనున్రి."

మా మరిది నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "సంపబోయినామెనే కావాల్నట. మత్తుకు మర్గింది మేడం ఇది. గా మందు తోని బుర్ర ఖరాబయింది. బంద్ వెట్టుడే మంచిది."

డాక్టర్ ముసలామె భుజం మీద చేయి వేసింది. "అమ్మా, నేను మీకు అన్నీ నేర్పిస్తాను. వేడి పెట్టకూడదు, రెండు పెట్టకూడదు, అంతే. కష్టం కాదు. చేస్తారా?"

ముసలామె తన అరచేతులు చూసుకుంది. ఉప్పు మూటకు వేళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆ చేతులను కొంగులో దాచుకుంది.

"ముట్ట" అంది. "పోలీసోడు అడిగిండు, వెట్టిన అన్న. నా వయసుల ఎన్నడు పడని మాట వడ్డ. అది మూలిగి సచ్చినా సరే. ఇంక దాన్ని ముట్ట."

లోపల మంచం మీద అది వింది. "అత్తా" అంది ఒక్కసారి. ముసలామె మెట్ల వైపు తిరిగింది.

డాక్టర్ చీటీ మీద ప్యాచ్ పేరు కొట్టేసి, పాత మాత్రలే రాసింది. మా మరిది తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మా చెల్లె ఆ తర్వాత ఒక్క పట్టీ కూడా చూడలేదు. వెల్లకిలా పడుకోవడం కూడా అంతటితో అయిపోయింది. దానికి చావు రాలేదు. గోడకు ఆనుకుని ఇప్పటికీ ఉంది. ముసలామె ఆ తర్వాత ఏళ్లు బతికినా దాన్ని ముట్టుకోలేదు, అన్నం పళ్లెం కూడా నేల మీద పెట్టి తోసేదట. రాష్ట్రం వచ్చిన రోజు గల్లీలో పటాకులు కాలుస్తుంటే నేను పోయాను, గడప బయటి నుంచే మా చెల్లెతో మాట్లాడాను. "ఏమన్న మారిందా అక్కా?" అని అడిగింది. ఏం మారుతుంది, మీ ఇంట్లో టీవీ కొత్తది కొన్నారు, సౌండ్ ఎక్కువ వస్తుంది అన్నాను. నవ్వలేదు.

ఆ గురువారం పదకొండు దాటి పది నిమిషాలకు ఉన్నవాళ్లను రాస్తున్నాను. గోడకు ఆనుకుని మా మరిది. మెట్లకు దగ్గరగా, వీపు ఇటు పెట్టి, మా చెల్లె అత్త. అరటిపళ్ల సంచితో ఇల్లుగలాయన. చేతిలో కలం పట్టుకుని నొప్పి డాక్టర్, ఆమె వెనక పేరు తెలియని నర్సు ఒకామె. వాళ్లందరికీ ఎదురుగా నేను. తెరిచిన తలుపు అవతల, ప్రతి మాటా వినపడేంత దగ్గరలో, మా చెల్లె.